దేశాంతరము

చెన్నపట్టణము నుండి కౌలాలంపూరునకు ఆకాశమార్గమున రమారమి 2,600 కిలోమీటర్లు. విమానము నాలుగు గంటలలో చేర్చును. అచటి గడియారము మన గడియారముకన్న రెండున్నర గంటలు ముందు నడచును గనుక, పోవునపుడు ఆరున్నర గంటలు పట్టినట్లును, వచ్చునపుడు ఒకటిన్నర గంటలోనే యిల్లు చేరినట్లును తోచును. 1955 నుండి రైలుపెట్టెలు తయారగుచున్న పెరంబూరులో నివసించు మనకు వేగము వింత కాదు. బిడ్డలు అచట ఉద్యోగములు చేయుచున్న యిండ్లలో వృద్ధులకు సైతము ఈ లెక్కలు కంఠస్థములే.

అట్టి యొక యింట తండ్రి గతించెను. దహనము చిన్నకుమారుని చేత జరిగెను. పెద్దకుమారుడు మూడవనాటికి గాని రాలేకపోయెను. పరామర్శకు వచ్చినవారు, "నాలుగు గంటల దారియే గదా!" యనిరి. ఆ మాట మమ్ము చాలదినములు విడువలేదు. దారి తగ్గిన కొలది ధర్మము పెరుగునా?

పూర్వము ఈ ప్రశ్న పుట్టెడిది కాదు. 1926లో నిర్మింపబడిన 'రజూలా' యను ఓడ మన రేవు నుండి పెనాంగు, సింగపూరులకు దశాబ్దములపాటు నడచెను. ఆ ప్రయాణమునకు వారము పట్టెడిది. మలయా తోటలలో పనికి పోయినవానికి తల్లి పోయిన జాబు అందునప్పటికి ఇచట కర్మలు ముగిసియుండెడివి. వానిని నిందించిన వారెవరు? సముద్రమే వాని పక్షమున సాక్ష్యము పలికెడిది.

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కు నెరిగినవారే. విదేశమందున్న జ్ఞాతి పదిదినములలోపల మరణవార్త వినెనేని మిగిలిన దినములే ఆశౌచమనియు, పదిదినములు దాటినచో మూడు రాత్రులనియు, ఏడాది గడచినచో స్నానమాత్రము చాలుననియు మనుస్మృతి చెప్పుచున్నది. తల్లిదండ్రుల విషయమున మాత్రము, కొడుకెంత దూరముననున్నను, విన్ననాటి నుండి పదిదినములు పట్టవలెనని తరువాతి వారు విధించిరి. రాలేకపోవుటను వారు తప్పుగా నెంచలేదు. వినినది మొదలు వాడు కొడుకుగా నడచుకొనవలెను. అంతియే వారు కోరినది.

ఇక దేశాంతరమననేమి? అరువది యోజనములని యొకరు, నలువది యని యొకరు, ముప్పది యని మరియొకరు. మహానదియో పర్వతమో అడ్డమున్నను, భాష మారినను దేశాంతరమేనని వేరొక మతము. ఈ చివరి లక్షణమును బట్టి నెల్లూరు నుండి వచ్చి యిచట స్థిరపడిన మన తాతలు సైతము దేశాంతరగతులే. ఇంటిలోని తెలుగు వారిని కాపాడినదేమో!

ఆ కుమారునికి వార్త నిమిషములో చేరినది. సెలవు చిక్కుటకు ఒకదినము, యజమాని యొద్దనున్న పాస్‌పోర్టు చేతికి వచ్చుటకు మరియొకదినము పట్టినవి. ఈ నదులను విమానము దాటింపలేదు. దూరము కొలిచి తీర్పు చెప్పిన పెద్దమనుషులలో నొకరు అయనావరమువారు. వృద్ధుడు మంచమున నున్న ఆరునెలలలో వారొకమారైనను ఆ గడప త్రొక్కినట్లు మాకు గుర్తులేదు. అయనావరమునకు ఇచటి నుండి నడచియే పోవచ్చును.

కుమారుని మేము తరువాత నడిగితిమి. వార్త విన్న రాత్రియే అచటి తన గదిలో తలస్నానము చేసి, మంచము విడిచి, నేలపై పరుండెనట.