భార్యకు తీమార్దారీ: చూసే కన్ను కూడా అమానతే

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624), రమజాన్ మాసం. ముస్లిములు బద్ర్‌కు బయలుదేరారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మాత్రం మదీనాలోనే ఆగిపోయారు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్ర అస్వస్థతతో ఉన్నారు. ఆమెను కనిపెట్టుకుని ఉండమని దైవప్రవక్తే (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తికి దక్కే పుణ్యమూ, వాటా కూడా ఆయనకు దక్కుతాయని చెప్పారు. విజయవార్త మదీనా చేరేసరికి ఆమె ఖననం జరుగుతోంది. ఆమె కోలుకోకపోయినా ఆయన సేవకు ప్రతిఫలం తగ్గలేదు.

సోదరులారా! ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో కార్ఖానా డ్యూటీ ముగించుకుని వచ్చి, రాత్రంతా జబ్బుపడిన భార్య పక్కన మేల్కొనే సోదరులు ఎందరో ఉన్నారు. షుగరు, డయాలసిస్, క్యాన్సరు వంటి ఏళ్ల తరబడి సాగే జబ్బులవి. వారు మా దగ్గరికొచ్చి ‘హజ్రత్, నీళ్లు దమ్ చేసివ్వండి’ అంటారు. చేసిస్తాము. కానీ జ్వరం ఎంత ఉందని అడిగితే చాలామంది చూడలేదంటారు. సబర్ చేస్తున్నామంటారు. సబర్ అంటే చూడకుండా ఊరుకోవడం కాదు. ఈ మాట మేము మింబర్ మీద నుంచి చెప్పవలసినంతగా చెప్పలేదని ఒప్పుకుంటున్నాము.

భార్యాభర్తలు ఒకరికొకరు దుస్తుల వంటివారని ఖుర్ఆన్ బోధిస్తోంది. కొడుకు ముందు, మరిది ముందు ఆమె దాచుకునే చోటును భర్త చూడవచ్చు. నడుము కింద మంచం పుండు పడిందా, పాదంలో ముల్లు గుచ్చుకుందా అన్నది చూడవలసింది ఆయనే. షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గితే పుండు పడినా నొప్పి తెలియదు. కనుక రోజూ దీపం దగ్గర పెట్టి, వేళ్ల సందులతో సహా చూడాలి. డయాలసిస్ చేసే చోట ఎరుపు, వేడి, వాపు, చీము కనిపిస్తే మరుసటి డయాలసిస్ దాకా ఆగరాదు. మూత్రపు గొట్టం ఉన్నవారికి జ్వరం, చలి, పొత్తికడుపు నొప్పి వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

క్యాన్సరు మందులు ఎక్కించుకునేవారికి జ్వరం 100.4 డిగ్రీలు చేరితే రాత్రి అయినా బయలుదేరవలసిందే. జ్వరం మాత్ర వేయకముందే థర్మామీటరు పెట్టాలి. మాత్ర వేశాక చూస్తే అసలు జ్వరం మరుగున పడుతుంది. వృద్ధులకు, నీరసించినవారికి జ్వరమే రాకపోవచ్చు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి తికమక పడుతున్నా, లేపినా లేవలేకున్నా, ఆయాసపడుతున్నా, మూత్రం బాగా తగ్గినా 108కి ఫోన్ చేయాలి. ఈఎస్ఐ కార్డు ఉన్న కుటుంబాలకు నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మింగించడం, పుండు మీద కాఫీ పొడి అద్దడం మానుకోవాలి.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూ దావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒకరికి తలకు గాయమయింది. ఆయనకు గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ సరిపోతుందా అని సహచరులను అడిగారు. నీళ్లున్నాయి కాబట్టి సరిపోదన్నారు వారు. ఆయన స్నానం చేసి మరణించారు. సంగతి విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వారే ఆయన్ను చంపారని, తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానానికి చికిత్స అడగడమేనని తెలిపారు.

కనుక పుండు తడపవద్దని డాక్టరు చెబితే వుజూ కోసం కట్టు విప్పకండి. మిగతా అవయవాలు కడిగి, కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. నీళ్లు బొత్తిగా తగలరాదంటే తయమ్ముమ్ ఉంది. మందు వేళ తప్పితే ప్రమాదమని డాక్టరు చెప్పిన రోగి రోజా వాయిదా వేయడం పాపం కాదు, అది అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం.

ఒక సోదరుడు సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్న కూడా ఉంది. ఇంట్లో ఆమెను చూసేవారు మరెవరూ లేరు, జుమా తప్పిపోతోంది, గునాహ్ అవుతుందా అని. వదిలి వస్తే ఆమెకు హాని జరుగుతుందన్న భయముంటే ఆయనకు మినహాయింపు ఉంది. ఆ పూట ఇంట్లోనే జుహర్ చదువుకోవాలి.