తెలిసి ఇచ్చినదే దానము

వృత్రాసురుని వధించుటకు ఆయుధము కావలసినప్పుడు దేవతలు దధీచి మహర్షి కడకు పోయి ఆయన యెముకలను యాచించిరి. ఇచ్చినచో ప్రాణము నిలువదని ఎరిగియే మహర్షి ఇచ్చెను. కనుకనే అది దానమైనది. అడుగక తీసికొనియుండినచో, లోకకల్యాణమే ప్రయోజనమైనను, దానిని మనము హత్య యనియుందుము. మానవదేహముపై వైద్యపరీక్షలు జరుపుట న్యాయమా యను ప్రశ్నకు సమాధానము ఈ భేదమునందే కలదని మా తలంపు.

పరీక్షలే కూడదనుట తగదు. ఏ మందైనను ఒకనాడు మొదటిసారిగా మనుష్యునికి ఈయక తప్పదు. 1897లో సికింద్రాబాదున రొనాల్డు రాస్, మలేరియా రోగియైన హుస్సేన్ ఖాన్‌ను దోమలచే కుట్టించి, దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చెను. అట్టి దోమ కడుపులోనే ఆగస్టు 20వ తేదీన మలేరియా క్రిమి కనబడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది. హుస్సేన్ ఖాన్‌కు దక్కినవి కొలది అణాలు. అప్పటికే రోగియైన వానికి దోమకాటు గొప్ప హాని కాకపోవచ్చును. అయినను, లేమిలో నున్నవాడు కాసుకొరకు ఒప్పుకొనినప్పుడు, ఆ ఒప్పుకోలు ఎంతవరకు స్వేచ్ఛ యని అడుగవలసియే యున్నది.

నాజీ వైద్యులు శిబిరములలోని బందీలపై చేసిన ఘోరములను విచారించిన న్యూరెంబర్గు న్యాయస్థానము, 1947లో పది సూత్రములను ప్రకటించినది. పరీక్షకు లోనగువాని స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి యనునదే వానిలో మొదటిది. కాని ఇట్టి అపచారము క్రూరులే చేయుదురనుకొనరాదు. అమెరికాలోని టస్కీగీలో 1932 మొదలు 1972 వరకు ప్రభుత్వ వైద్యులే, సిఫిలిస్ అను సవాయి రోగముగల సుమారు నాలుగు వందల మంది నల్లజాతి పురుషులకు వారి రోగమేదో చెప్పక, పెన్సిలిన్ వచ్చిన పిమ్మటకూడ దానిని ఈయక, రోగగతిని చూచుచు కూర్చుండిరి.

మన తెలుగునేలయు ఇందుకు దూరము కాదు. 2009లో, నాటి ఆంధ్రప్రదేశములోను నేటి తెలంగాణములోను ఉన్న ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను సుమారు 14,000 మంది బాలికలకు వేసిరి. వారిలో అనేకులు వసతిగృహములలోని గిరిజన బాలికలు. కొందరు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 పత్రములపై వార్డెన్ల సంతకములు, 1,948 పత్రములపై వేలిముద్రలు ఉన్నవని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తెలిపినది. ఆ టీకాను నేడు అనేక దేశములలో వాడుచున్నారు, మేలును పొందుచున్నారు. అంతమాత్రమున తల్లిదండ్రులకు మారుగా వార్డెను చేసిన సంతకము న్యాయమగునా? మందు మంచిదైనంతనే అడుగవలసిన బాధ్యత తీరదు.

చదువులేనివారికి ఇవన్నియు బోధపడవు, అందరిని అడుగుచు కూర్చున్న శాస్త్రము ముందుకు సాగదు అని కొందరందురు. బోధపడకుండుట వినువాని లోపమే కాదు, చెప్పువాని లోపమును కావచ్చును. ఈ మాట పరభాషల నడుమ తరతరములుగా నివసించుచున్న మనకు మిక్కిలి చెందును. ఇంట తెలుగు మాటాడు పెద్దలు ఆసుపత్రిలో తమిళమునందో, కన్నడమునందో, ఒడియాలోనో, ఆంగ్లమునందో ఉన్న పత్రముపై, డాక్టరుగారిపై గౌరవముచే, చదువకయే వ్రాలు చేయుదురు. ఆ గౌరవము సుగుణమే. కాని గౌరవము వేరు, సమ్మతి వేరు.

రెండు భాషలు చదువనేర్చిన పిల్లలు పెద్దల ప్రక్కన కూర్చుండి, ఆ పత్రమును తెలుగున వినిపింపవలెను. ఇచ్చునదేమి? కలుగగల హాని యేమి? వలదన్నచో చికిత్స ఆగునా? నడుమ మానుకొనవచ్చునా? హాని కలిగినచో పరిహారమెవరిది? ఇన్ని అడిగినంత మాత్రమున శాస్త్రమునకు ద్రోహము చేసినట్లు కాదు. దేవతలంతటివారే చేయిచాచి అడిగిరి. అడుగుటకు నామోషీ పడు శాస్త్రము, దానమును పుచ్చుకొనుటకు అర్హము కాదు.