పొరుగువాడు దిగువన ఉంటే

1979 అక్టోబర్ 4న పోప్ రెండవ జాన్ పాల్ అమెరికాలోని అయోవాకి వచ్చాడు. మొక్కజొన్న, సోయాబీన్, పందులు - ఆ రాష్ట్రం బతుకు వీటి మీదే. డిమోయిన్ దగ్గర పొలాల మధ్య గుమిగూడిన లక్షలమందికి, నేల దేవుడిచ్చింది, రాబోయే తరాలకోసం కాపాడండి అని చెప్పాడు.

నేల సరే. నీళ్ళ సంగతి?

అక్కడి పొలాల అడుగున గొట్టాలుంటాయి. చిత్తడి నేలల్ని సాగుకి తెచ్చినవి అవే. పైరు వాడుకోని నైట్రేట్‌ని రకూన్ నదిలోకి చేర్చేవీ అవే. వానలు ఉధృతమైతే ఇంకా ఎక్కువ. దిగువన డిమోయిన్ నగరం ఆ నీళ్ళే శుద్ధి చేసుకుని తాగుతుంది. నైట్రేట్ మితిమీరితే పసిపిల్లలకి ప్రమాదం. 2015లో నగర నీటి సంస్థ ఎగువ మూడు కౌంటీల డ్రైనేజీ డిస్ట్రిక్టుల మీద కేసు వేసింది. 2017లో కోర్టు కొట్టేసింది.

మరి తప్పెవరిది? రైతు చట్టం మీరలేదు. పాపం ఒప్పుకోవడానికి ఒక మనిషి కావాలి కదా, ఇక్కడ గొట్టం మాత్రమే ఉంది.

పర్యావరణం గురించి చర్చిల్లో తరచూ వినపడే మాట 'స్టువర్డ్‌షిప్'. తెలుగు బైబిల్లో స్టువర్డ్ అంటే గృహనిర్వాహకుడు. మంచి మాటే, కానీ పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది. నేలని బాగా చూసుకునే యజమానిని మెచ్చుకుంటుంది తప్ప దిగువన కుళాయి తిప్పేవాళ్ళని పలకరించదు. న్యాయం అక్కడే మొదలవ్వాలి.

మంచి సమరయుడు, దెబ్బలు తిన్నవాడిని లేపే ముందు కొట్టిందెవరని విచారించలేదు. నేరం రుజువు కాకపోయినా బాధ్యత గుర్తుచేయగలగడమే విశ్వాసానికున్న బలం. కానీ ఆ బరువంతా రైతు నెత్తినే పెడితే అదీ అన్యాయమే. ఆ మొక్కజొన్నతో చేసిన ఇథనాల్‌తో కార్లు నడిపేది దిగువనున్న నగరమూ కదా!