నైపుణ్యముంటే జూదం ధర్మసమ్మతమా?

పోకర్ టోర్నమెంట్లు నేర్చుకుంటున్న మన యువకులు కొందరు, "ఇది అదృష్టం కాదు, తెలివి. చెడ్డ ముక్కలొస్తే ఓర్పుగా వదిలేయాలి, చిప్స్ కాపాడుకోవాలి, ఎదుటివాణ్ణి గమనించాలి" అంటుంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని మనం అడగవలసింది వేరు: గెలిచిన సొమ్ము ఎక్కడిది?

2003లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోటీకి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. ఆడినవారు 839 మంది. విజేతకు 25 లక్షల డాలర్లు దక్కాయి. అక్కడ పంట పండలేదు, వస్తువు తయారు కాలేదు. ఓడినవారి సొమ్మే చేతులు మారింది. నైపుణ్యం పెరిగినా ఈ లెక్క మారదు. ఎదుటివాడి నష్టం మరింత ఖాయమవుతుంది, అంతే.

వారు ఇష్టంతోనే పెట్టారు కదా అంటారా? పెట్టింది గెలవాలనేగాని, ఇవ్వాలని కాదు.

జూదంలో కొంత లాభమున్నా దాని పాపమే పెద్దదని దివ్య ఖుర్ఆన్ (2:219) బోధిస్తోంది. 2025లో మన పార్లమెంటు ఆమోదించిన చట్టం కూడా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధించింది.

ఓర్పు, లెక్క, గమనింపు అల్లాహ్ ప్రసాదించిన వరాలు. ఇరుపక్షాలకూ మేలు చేసే వ్యాపారంలో, వృత్తిలో వాటిని వినియోగిద్దాం. అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదన ప్రసాదించుగాక! ఆమీన్.