ఆ నిశ్శబ్దం ఎవరిది?

గౌతమి, వశిష్ఠ పాయలకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి కోనసీమ. ముప్ఫై ఏళ్లు హైదరాబాద్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, అక్కడ సముద్రానికి దగ్గర్లో చిన్న ఇల్లు కొనుక్కోవాలనుకున్నాను. పుట్టిల్లు అన్నయ్యది, కాపురమున్న ఇల్లు మా ఆయనది. నా పేరున ఒక గడప ఉండాలన్నది పాత కోరిక. స్త్రీ రాయాలంటే కొంత డబ్బూ, తనకంటూ ఒక గదీ ఉండాలని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే చెప్పింది. క్లాసులో ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో!

ఇల్లు దొరికింది. రెండు గదుల డాబా, చుట్టూ కొబ్బరిచెట్లు. రాత్రయితే అలల హోరు తప్ప మరో చప్పుడు లేదు. ఎంత ప్రశాంతమైన ఊరని మురిసిపోయాను. ఆ వీధిలో కనబడేవాళ్లంతా ముసలివాళ్లూ పిల్లలేనని రెండోసారి వెళ్లినప్పుడు గానీ గమనించలేదు. తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో పనికి వెళ్లారు.

నేను చూసిన ఇల్లూ అలాంటి ఒకామె సంపాదనే. తొమ్మిదేళ్లుగా కువైట్‌లో వంట చేస్తూ పంపిన డబ్బుతో లేచింది. స్థలం మాత్రం భర్త పేరున ఉంది. అమ్మేదీ ఆయనే. "కాగితాలన్నీ క్లియర్ మేడమ్" అన్నాడు మధ్యవర్తి. నిజమే. దస్తావేజులో ఎవరి పేరుంటే వాళ్ల సంతకమే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడుగుతారు. ఎవరి కష్టమని అడగరు.

నంబరు తీసుకుని ఆమెకి ఫోన్ చేశాను. "అమ్మేత్తున్నారని తెల్సండి. అప్పులున్నాయి కదండి. నన్నయితే ఎవరూ అడగలేదండి" అంది. కాసేపాగి, "పెరట్లో మావిడిచెట్టు కాసిందాండి?" అంది.

పిత్రార్జితంలో కూతుళ్లకు వాటా కోసం 1986లో రాష్ట్రంలో, 2005లో దేశమంతటా చట్టం మారింది. దాని గురించి మనం రాశాం, మాట్లాడాం. సొంత సంపాదన భర్త పేరులో కలిసిపోయిన స్త్రీ గురించి ఎంత మాట్లాడాం? నేను వెనక్కి తగ్గితే ఇంకొకరు కొంటారు. ఎవరూ కొనకపోతే అప్పు తీరక ఆమె మరికొన్నేళ్లు అక్కడే ఉండిపోవచ్చు. కొనకుండా ఉన్నంత మాత్రాన నా చేతులు శుభ్రం కావు. ఎవరిని అడిగి కొంటున్నానన్నదే అసలు ప్రశ్న.

ఆమె పండక్కి వస్తోంది. అప్పటిదాకా బయానా ఇవ్వనన్నాను. ఆమె ఎదుటే బేరం జరగాలనీ, అప్పు పోను మిగిలింది ఆమె ఖాతాలోనే పడాలనీ చెప్పాను.

"ఇళ్ల బేరాల్లో ఆడాళ్లెందుకండి?" అన్నాడు మధ్యవర్తి.

అతను మాట్లాడుతున్నది ఒక ఆడదానితోనే. డబ్బు నా చేతిలో ఉంది కనుక ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు. కొన్నాళ్లు నాకూ గుర్తు రాలేదు.