ఐ.పి. పెడితే అప్పు తీరినట్టేనా?

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో 'ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడట' అన్న మాట వినని వీధి ఉండదు. ముందు వకీలు నోటీసు పోస్టులో వస్తుంది. అందులో అప్పిచ్చిన వారందరి పేర్లూ వరుసగా ఉంటాయి. లక్షలు తిప్పే వ్యాపారి పేరు పక్కనే, కూతురి పెళ్ళికి దాచుకున్న సొమ్మును చేబదులుగా ఇచ్చిన వితంతువు పేరు కూడా కనిపిస్తుంది. ఇచ్చినవారు లబోదిబోమంటారు, తీసుకున్నవారు ఊపిరి పీల్చుకుంటారు. కోర్టు కాగితంతో అల్లాహ్ సన్నిధిలో కూడా ఆ అప్పు రద్దయిపోతుందా? విశ్వాసులు తేల్చుకోవలసిన విషయం ఇది.

ముందు చట్టం సంగతి చూద్దాం. మామూలు వ్యక్తుల దివాలాకు మన జిల్లాల్లో ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఆధారం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది. కానీ వ్యక్తుల విషయంలో, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి వరకే దాన్ని 2019 డిసెంబరు నుంచి అమలు చేస్తున్నారు. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు పోదు. కోర్టు దివాలా ప్రకటించాక ఆ వ్యక్తి ఆస్తి రిసీవరు చేతికి వెళ్తుంది. దాన్ని అమ్మి ఋణదాతలకు పంచుతారు. కట్టుబట్టలు, వంటపాత్రలు, ఏలూరు తివాచీలు నేసే కార్మికుని పనిముట్ల వంటివి ముట్టుకోరు. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు మాత్రం తన దారిన తాను ఆ ఇంటిని అమ్మించుకోగలదు. మోసంతో చేసిన అప్పు, ప్రభుత్వ బాకీ చివరి విముక్తి ఉత్తర్వుతో కూడా తొలగవు. ఇక ఆ తర్వాత బజారులో అరువు పుట్టడం గురించి చెప్పనక్కరలేదు.

ఈ చట్టంలో ఆలోచింపజేసే నిబంధన ఒకటుంది. ఆస్తి మొత్తం అమ్మినా రూపాయికి యాభై పైసలు కూడా రాకపోతే, ఆ దుస్థితికి తాను బాధ్యుడు కాదని ఋణగ్రస్తుడు కోర్టును ఒప్పించాలి. లేదంటే పూర్తి విముక్తి లభించదు. అంటే చట్టం కూడా 'ఎంత పోయింది?' అని మాత్రమే కాక, 'ఎలా పోయింది?' అని అడుగుతోంది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. 1999లో కొల్లేరు ఐదో కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు అప్పు చేసి పెట్టిన పెట్టుబడులు నీళ్ళలో కలిశాయి. నిషేధం తెలిసీ లాభం కోసం చెరువు తవ్వించినవాడు, చదువురాక మేత బాకీకి హామీ సంతకం పెట్టినవాడు ఒకటేనా? ఇద్దరి పిటిషన్లూ ఒకేలా ఉంటాయి. ఇద్దరి సంకల్పాలు మాత్రం అల్లాహ్‌కు తెలుసు. తీర్చే ఉద్దేశంతో అప్పు తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడనీ, ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడనీ దైవప్రవక్త (స) తెలియజేశారు.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయి, అప్పుల్లో కూరుకుపోయాడు. దైవప్రవక్త (స) అతనికి దానం చెయ్యమని ప్రజలకు చెప్పారు. వచ్చింది చాలలేదు. అప్పుడు ఋణదాతలతో, ఉన్నది తీసుకోండి, అంతకు మించి మీకేమీ లేదన్నారు. దీన్ని పట్టుకుని మిగతా బాకీ రద్దయిందని కొందరు వాదిస్తారు. కానీ అధిక సంఖ్యాక ఫుఖహాల అవగాహన వేరు. ఉన్నదంతా ఇచ్చేశాక అతణ్ణి పీడించే హక్కు లేదు, అంతే. మిగిలినది అతని బాధ్యతగానే ఉంటుంది. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలనీ, మాఫీ చేస్తే అది మరింత మేలనీ దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖర సూరా 280వ ఆయతు బోధిస్తోంది. మాఫీ చేసే హక్కు అప్పిచ్చినవానిది. అతని బదులు కోర్టు మాఫీ చెయ్యజాలదు. (వడ్డీ సంగతి వేరు. మేము చెబుతున్నది అసలు గురించి.)

ఒక ఎత్తుగడ గురించి కూడా చెప్పాలి. నోటీసులు పంపబోయే ముందు హఠాత్తుగా మహర్ బాకీ గుర్తొస్తుంది, ఇల్లు భార్య పేరున మారిపోతుంది. మహర్ నిజంగా అప్పే, భార్య నిజంగా ఋణదాతే. కానీ ఇరవై ఏళ్ళుగా గుర్తురానిది ఆ వారంలోనే గుర్తొచ్చిందంటే నమ్మేదెవరు? ప్రతిఫలం లేకుండా రెండేళ్ళలోపు చేసిన బదలాయింపులను రిసీవరు రద్దు చేయించవచ్చు. అది కోర్టు పని. ఆ ఇంట్లో నమాజు చేసుకునేవారు తమను తాము అడగవలసిన ప్రశ్న వేరే ఉంది.

అలాగని ఇచ్చినవారు గడప దగ్గర కూర్చుని ఆడవాళ్ళను దూషించడం, బిందెలు ఎత్తుకుపోవడం ధర్మం కాదు. జకాత్ పొందే అర్హుల్లో ఋణగ్రస్తులు కూడా ఉన్నారని అత్ తౌబా సూరా 60వ ఆయతు చెబుతోంది. రంజాన్‌లో జకాత్ సొమ్ము పంచే మన మస్జిద్ కమిటీలు నష్టపోయిన కౌలుదారు ఇంటి వైపు ఎన్నిసార్లు చూశాయి?

మన ఇళ్ళలో జనాజా నమాజుకు ముందు కొడుకు నిలబడి, 'మా నాన్నగారు ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి' అని ప్రకటించడం రివాజు. అప్పుడు చేపల మేత అరువిచ్చిన కొట్టు యజమాని ముందుకొస్తే, 'ఆయన ఐ.పి. పెట్టారు కదా' అని పంపించేయడానికి వీల్లేదు. తండ్రి వదిలిపోయినది ఏదైనా ఉంటే, వాటాలు వేసుకునే ముందు ఆ బాకీ చెల్లించాలి.