చేదు తెలియని నాలుక

దక్షిణ ఢిల్లీలో, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణము చెంత, బేర్ సరాయ్ కలదు. పోటీ పరీక్షలకై స్వస్థలము విడిచి వచ్చిన యువకులు అక్కడి ఇరుకు గదులలో అద్దెకుందురు. వారిలో తెలుగువారును కలరు. అట్టి యొక గదిలో ఇద్దరు స్నేహితులున్నారనుకొందము. పరీక్షాఫలితములు వెలువడిన రాత్రి ఎవరో వారికి మద్యము అందించిరి. ఒకడు పెదవి తడుపుకొని, చేదని ముఖము త్రిప్పుకొనెను. రెండవవానికి ఆ చేదు తోచలేదు; అతడు త్రాగెను. ఇంతమాత్రమున మొదటివాడు నీతిమంతుడనియు, రెండవవాడు దుర్మార్గుడనియు తీర్పు చెప్పవచ్చునా?

1931లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పీటీసీ అను పొడిని పోయుచుండగా అది గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహోద్యోగి నోరు చేదైనదనెను. ఫాక్స్‌కు ఏ రుచియు తెలియలేదు. ఈ భేదము వంశపారంపర్యమని తరువాత తేలెను. 2003లో దీనికి ముఖ్యకారణమగు జన్యువును గుర్తించిరి. ఇట్టి చేదును తీవ్రముగా గ్రహించువారు మద్యమును తక్కువగా త్రాగుదురని కొన్ని పరిశోధనలు చూపెను. మరికొన్నిటిలో ఆ సంబంధము కానరాలేదు. మద్యవ్యసనమునకు లోనగుటలో దాదాపు సగపాలు వంశమునుండి వచ్చునని కవలలపై జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. అయితే అందు అనేక జన్యువులకు పాలు కలదు.

కాబట్టి చేదు ఒక కంచె మాత్రమే. కంచె ఉన్నవాడు దానిని తాను నాటుకొనలేదు గనుక అతిశయింపరాదు. పైగా ఆ కంచె దాటరానిది కాదు. కాకరకాయను త్రోసివేసిన బిడ్డయే పెరిగి దానిని కోరి తినును. అట్లే మద్యపు చేదును తీపి పానీయములు కప్పివేయును, అలవాటు మరపించును. కంచె లేనివాడు నిందార్హుడు కాడు. కాని అతడు మరింత మెలకువగా ఉండవలెను. చేదుగా లేనిది హాని చేయదని తలంచుటయే అతనికి మొదటి ఉరి.

తండ్రుల దోషము తమను పట్టుకొన్నదని ఇశ్రాయేలీయులు పుల్లని ద్రాక్షలను గూర్చిన సామెత చెప్పుకొనుచుండిరి. యెహెజ్కేలు 18వ అధ్యాయములో ఆ సామెతకు అడ్డు పడెను. ఎవని నడతకు వాడే ఉత్తరవాది. యిర్మీయా 35వ అధ్యాయములోని రేకాబీయులను చూడుడి. దేవాలయపు గదిలో ద్రాక్షారసపు గిన్నెలు ఎదుట పెట్టినను వారు త్రాగలేదు. వారి నాలుకకు అది చేదుగా ఉండెనని అక్కడ వ్రాయబడలేదు. వారికి పితరునినుండి వచ్చిన స్వాస్థ్యము రుచి కాదు, మాట.

అట్టి స్వాస్థ్యమును ఏ యింటివారైనను ఇయ్యవచ్చును. తాతయో తండ్రియో త్రాగుడుకు బానిసయైన కుటుంబము ఆ సంగతిని సిగ్గుచేత దాచక, కుమారుడు రైలెక్కకముందే ప్రేమతో తెలుపవలెను. చేదు తెలిసిన స్నేహితుడు తెలియనివానిని చూచి నవ్వక, భుజముపై చేయివేసి, టీ త్రాగుదము రమ్మని గది వెలుపలికి తోడుకొని పోవలెను. సహోదరుని నాలుక చెప్పని హెచ్చరికను ప్రేమ చెప్పవలసియున్నది.